అలిగిన ఆటగాణ్ణి ఎందుకు వదిలించుకుంటారు? తప్పెవరిది?

పాఠకుల ప్రశ్నలు – మా క్రీడా విభాగం జవాబులు

పిల్లలు కెనడాలోనో అమెరికాలోనో స్థిరపడ్డ ఇళ్లలో ఇప్పుడు క్రికెట్‌తో పాటు ఐస్ హాకీ మాట కూడా వినిపిస్తోంది. గుంటూరు, విజయవాడ పాఠకుల నుంచి ఈ ఆట మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: జట్టులో ఇమడలేకపోతున్న ఆటగాణ్ణి ఇంకో జట్టుకు పంపేయడం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మా అబ్బాయి విన్నిపెగ్‌లో ఉంటాడు. అక్కడి జట్టుకు పియర్-లూక్ డుబువా అనే ఆటగాడు వేరేచోట అలిగి వచ్చాడట, ఇక్కడా నిలవలేదట. కోట్ల జీతం తీసుకుంటూ ఈ అలకేమిటి? తప్పు ఆటగాడిదా, కోచ్‌దా, యాజమాన్యానిదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అలిగినంత మాత్రాన ఎవరూ జట్టు మారిపోరు. నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, 32 జట్లున్నాయి. ఒక్కో జట్టులో 23 మంది ఉంటే, మ్యాచ్‌కు దిగేది 20 మంది: ఇద్దరు గోలీలు (గోల్‌కీపర్లు), 18 మంది స్కేటర్లు. అంటే ఎవరికీ దెబ్బలు తగలకపోయినా ముగ్గురు పైన కూర్చుని చూడాల్సిందే. ఆడేవాళ్లలోనూ తేడాలు చాలా. ఫార్వర్డ్‌లు ముగ్గురేసి ఒక లైన్‌గా మంచు మీదకు దిగుతారు. 60 నిమిషాల ఆటలో మొదటి లైన్ ఫార్వర్డ్‌కు 18 నుంచి 20 నిమిషాలు మంచు మీద దక్కితే, నాలుగో లైన్ వాడికి పది నిమిషాలు దొరకడం కష్టం. ఎదుటి జట్టు ఆటగాడు పెనాల్టీ బాక్సులో ఉన్నప్పుడు దిగే పవర్ ప్లే మొదటి యూనిట్‌లో ఐదుగురికే చోటు. నిమిషాల లెక్కన చూస్తే గోల్స్ తేలిగ్గా వచ్చేది అక్కడే. వచ్చే కాంట్రాక్టులో జీతం నిర్ణయించేది ఆ గోల్సే. కాబట్టి ఆటగాడు నిమిషాల గురించి గొడవపడుతున్నాడంటే తన రేపటి బతుకు గురించి గొడవపడుతున్నట్టే. దాన్ని ఉత్త అహంకారం కింద కొట్టిపారేయడం సరికాదు.

ఇలాంటి అసంతృప్తి ప్రతి జట్టులో, ప్రతి సీజన్‌లో ఉంటుంది. చాలావరకు కోచ్ గదిలో ఒక మాటతోనో, లైన్ మార్పుతోనో సర్దుకుంటుంది. అది ట్రేడ్ దాకా, అంటే ఆటగాణ్ణి వేరే జట్టుకిచ్చి బదులు తెచ్చుకునే దాకా, వెళ్లేది కాంట్రాక్టు గడువు దగ్గరపడ్డప్పుడు. గడువయ్యాక ఆటగాడు ఉత్తినే వెళ్లిపోతే జట్టుకు చిల్లిగవ్వ కూడా రాదు. ఆ భయం యాజమాన్యాన్ని కదిలిస్తుంది. అలక సాకు మాత్రమే, అసలు కారణం క్యాలెండర్.

డుబువా సంగతే చూడండి. 2020 డిసెంబరు చివర్లో కొలంబస్ జట్టుతో రెండేళ్లకు కోటి డాలర్ల కాంట్రాక్టు చేసుకున్నాడు. తనను వేరే జట్టుకు పంపమన్న కోరిక అప్పటికే బయటికి పొక్కింది. 2021 జనవరి 21న కోచ్ జాన్ టార్టొరెల్లా అతణ్ణి 3 నిమిషాల 55 సెకన్లు మాత్రమే ఆడించి, మిగతా మ్యాచంతా బెంచీ మీద కూర్చోబెట్టాడు. రెండు రోజుల్లో ట్రేడ్ అయిపోయింది. విన్నిపెగ్ నుంచి పాట్రిక్ లైనె, జాక్ రోస్లోవిక్ కొలంబస్‌కు వచ్చారు. లైనె కూడా విన్నిపెగ్‌లో సుఖంగా లేడు. అంటే రెండు జట్లూ తమ తలనొప్పుల్ని ఇచ్చిపుచ్చుకున్నాయి.

ఆ తర్వాత డుబువా 2023 జూన్‌లో విన్నిపెగ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాడు. ఎనిమిదేళ్లు, ఏడాదికి 85 లక్షల డాలర్లు. ఏడాది తిరిగేసరికి లాస్ ఏంజెలెస్ అతణ్ణి వాషింగ్టన్‌కు ఇచ్చి, బదులుగా గోలీ డార్సీ కెంపర్‌ను తీసుకుంది. 2024-25లో డుబువా 66 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాసులు కలిపి) చేశాడు. అతని కెరీర్‌లో అదే ఎక్కువ. కెంపర్ కూడా ఆ ఏడాది ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ తుది ముగ్గురిలో నిలిచాడు.

ఇక తప్పెవరిదంటారా? మా లెక్కలో మొదటి ముద్దాయి జనరల్ మేనేజర్. ఎవర్ని డ్రాఫ్టులో (ఏటా జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) తీసుకోవాలి, ఎన్నేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలి, ఏ కోచ్‌ను పెట్టాలి, ఈ మూడూ అతని చేతిలోనే ఉంటాయి. వెళ్లిపోతానంటున్న కుర్రాడికి రెండేళ్ల కాంట్రాక్టు ఇవ్వడమంటే గొడవను రెండేళ్లు వాయిదా వేయడమే. కొలంబస్ అంతకుముందు 2019 వేసవిలో పనారిన్, బొబ్రోవ్‌స్కీ ఇద్దర్నీ గడువు తీరాక ఊరికే పోగొట్టుకుంది. ఒకసారి చేతులు కాలిన జట్టు కనుక తొందరపడింది. కోచ్‌ది రెండో స్థానం. ఆటగాడు ఒళ్లు దాచుకుంటే బెంచీ మీద కూర్చోబెట్టే హక్కు కోచ్‌కు ఉంది. ఆ రాత్రి మొదటి పీరియడ్‌లో డుబువా పరుగు చూసినవాళ్లెవరూ అతణ్ణి వెనకేసుకురాలేరు కూడా. ఆటగాడి తప్పు అక్కడే ఉంది. వెళ్లిపోవాలనుకోవడం తప్పు కాదు, వెళ్లేదాకా ఒళ్లు వంచి ఆడకపోవడం తప్పు. ఆ రాత్రి పక్కన ఆడిన మిగతావాళ్లకు జరిగిన అన్యాయమది.

ప్రశ్న: “ట్రేడ్ కావాలని అడిగాడు” అని వార్తల్లో రాస్తారు. ఎవర్ని అడుగుతారు? అర్జీ పెడతారా? ఏం జరుగుతుందో వరుసగా చెప్పండి.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కాగితం మీద అర్జీ ఉండదు. ఆటగాడి తరఫున ఏజెంటు జనరల్ మేనేజర్‌కు ఫోను చేసి విషయం చెప్తాడు. తెలివైన ఏజెంటు ముందే కోచ్‌తో ఒకట్రెండు సార్లు ఆటగాణ్ణి మాట్లాడిస్తాడు: ఏ లైన్‌లో ఆడిస్తున్నారు, ఎన్ని నిమిషాలు, పవర్ ప్లేలో ఎందుకు లేడు, ఏం మెరుగుపరుచుకోవాలి అని సూటిగా. “బాగా ఆడు, చూద్దాం” అని కోచ్ దాటవేస్తే గొడవ ముదరబోతోందని అర్థం.

మేనేజర్ ఒప్పుకుంటే రెండు దారులు. ఒకటి, తనే మిగతా 31 జట్లకు ఫోన్లు చేయడం. రెండు, వేరే జట్లతో మాట్లాడి చూసుకోమని ఏజెంటుకే అనుమతి ఇవ్వడం. ఆ అనుమతి లేకుండా కాంట్రాక్టులో ఉన్న ఆటగాడితో పరాయి జట్టు మంతనాలాడితే లీగ్ జరిమానా వేస్తుంది.

బేరం మొదలయ్యాక మొదట చూసేది జీతాల పరిమితి. 2025-26లో ఒక జట్టు తన ఆటగాళ్లందరి మీద పెట్టగలిగింది 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ప్రతి కాంట్రాక్టుకూ ఏడాది సగటును ఆ పద్దులో రాస్తారు. 85 లక్షల ఆటగాడు కావాలంటే అంత ఖాళీ ఉండాలి. లేదా అంత జీతమున్న వాణ్ణి ఎదురు పంపాలి. అదీ కుదరకపోతే పంపే జట్టు జీతంలో కొంత తన పద్దులోనే ఉంచుకుంటుంది. సగానికి మించి ఉంచుకోకూడదు. అలా ఒక జట్టు ఏకకాలంలో మూడు కాంట్రాక్టులకే చేయొచ్చు, మొత్తం కలిపి పరిమితిలో 15 శాతం దాటకూడదు. ఇంకో లెక్క కూడా ఉంది: ఒక జట్టు చేతిలో మొత్తం 50 కాంట్రాక్టులకు మించి ఉండకూడదు. ఒకరినిచ్చి ముగ్గుర్ని తెచ్చుకునే బేరాలు చాలాసార్లు ఇక్కడే చిక్కుకుంటాయి.

మేనేజర్లిద్దరూ మాట అనుకున్నాక లీగ్ కార్యాలయం సంబంధిత కాగితాలన్నీ చూసి ఖాయం చేస్తుంది. వైద్య పరీక్షలో తేడా వస్తే ఒప్పందం చెదిరే ప్రమాదముంది. అన్నీ అయ్యాక ఆటగాడికి ఫోను వస్తుంది. ఒకట్రెండు రోజుల్లో కొత్త ఊళ్లో ప్రాక్టీసుకు దిగాలి. ఇల్లు, పిల్లల బడి వెనకే మిగిలిపోతాయి.

ప్రశ్న: ఇంత తతంగం ఎందుకు? ఉద్యోగంలోలాగా నోటీసిచ్చి రాజీనామా చేసి పక్క జట్టులో చేరకూడదా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, మంగళగిరి

జవాబు: కుదరదు. ఆటగాడి సంతకం ఉన్నంతకాలం లీగ్‌లో ఇంకే జట్టుకూ ఆడలేడు. రానంటే జీతం ఆపేసి సస్పెండ్ చేస్తారు, కాంట్రాక్టు మాత్రం బతికే ఉంటుంది. ఒట్టావా కెప్టెన్‌గా చేసిన అలెక్సీ యాషిన్ 1999-2000 సీజన్‌లో జీతం పెంచందే ఆడనని ఇంట్లో కూర్చున్నాడు. ఏడాది గడిస్తే కాంట్రాక్టు తీరిపోతుందనుకున్నాడు. మధ్యవర్తి ఒప్పుకోలేదు, ఆడని ఏడాది ఆడి తీరాల్సిందేనన్నాడు. తిరిగొచ్చి ఆ సీజన్ ఆడాకే 2001లో న్యూయార్క్ ఐలాండర్స్‌కు పంపారు. బదులుగా ఒట్టావాకు జెడెనో చారా, బిల్ మకాల్ట్‌తో పాటు డ్రాఫ్టులో రెండో స్థానం దక్కింది. దానితో తీసుకున్నది జేసన్ స్పెజ్జాను. అలిగినవాడి వల్ల జట్టు ఇంతగా బాగుపడిన సందర్భాలు అరుదు.

కుర్రవాళ్లకు ఇంకా ఇరుకు. మొదటి కాంట్రాక్టు ముగిసినా వాళ్ల మీద హక్కు పాత జట్టుదే. వేరే జట్టు ఆఫర్ ఇవ్వొచ్చు గానీ, అంత జీతం మేమే ఇస్తామని పాత జట్టు ఏడు రోజుల్లోగా అంటే కుర్రాడు అక్కడే ఉండాలి. వదిలేస్తే జీతాన్ని బట్టి డ్రాఫ్ట్ అవకాశాలు పరిహారంగా వస్తాయి. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ ఇలాగే ఎడ్మంటన్ నుంచి బ్రోబర్గ్, హాలోవే ఇద్దర్నీ ఒకేసారి లాక్కుంది. కుర్రాడు ఏ సంతకమూ చేయకుండా డిసెంబరు 1 దాటితే ఆ సీజన్‌లో ఇక ఆడలేడు. 2018లో టొరంటో ఆటగాడు విలియం నైలాండర్ సరిగ్గా ఆ రోజు, గడువుకు నిమిషాల ముందు సంతకం పెట్టాడు.

ప్రశ్న: హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినట్టే కదా ఇదీ? ఆటగాడి ఇష్టం అడుగుతారా, అడగరా?
– ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఐపీఎల్‌లో ట్రేడ్‌కు ఆటగాడి అంగీకారం తప్పనిసరి. 2023 నవంబరులో పాండ్యా బదిలీ అతని సమ్మతితోనే జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలుగా ఆటగాణ్ణి అడగక్కర్లేదు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి వేరే దేశపు జట్టుకు మారిపోయి ఉండొచ్చు.

అడిగి తీరాలంటే కాంట్రాక్టులో ఆ షరతు రాయించుకోవాలి. 27 ఏళ్లు నిండినవాళ్లకు, లేదా ఏడు సీజన్లు ఆడినవాళ్లకే ఆ హక్కు వస్తుంది. రెండు రకాల షరతులున్నాయి. “నో ట్రేడ్” ఉంటే అతని ఒప్పుదల లేకుండా ట్రేడ్ చేయకూడదు. “నో మూవ్” ఇంకా గట్టిది. ట్రేడ్‌తో పాటు కింది లీగ్‌కు పంపడం, వేవర్స్‌లో పెట్టడం (కావాలంటే వేరే జట్టు తీసుకోవచ్చని వదిలేయడం) కూడా కుదరదు. మధ్యరకం ఒకటుంది: ఈ పది జట్లకు వెళ్లను, లేదా ఈ జట్లకైతే వెళ్తాను అని ఆటగాడు ఏటా జాబితా ఇస్తాడు.

ఈ షరతు చేతిలో ఉండి ట్రేడ్ అడిగినవాడు జట్టును ఎంత ఇబ్బంది పెట్టగలడో 2009లో డేనీ హీట్లీ చూపించాడు. కొత్త కోచ్ తన పాత్ర తగ్గించాడని ఒట్టావాను ట్రేడ్ అడిగాడు. యాజమాన్యం ఎడ్మంటన్‌తో ముగ్గురు ఆటగాళ్లకు బేరం కుదిర్చింది. హీట్లీ అక్కడికి వెళ్లనన్నాడు. ఈలోగా జులై 1 వచ్చింది. కాంట్రాక్టు ప్రకారం 40 లక్షల డాలర్ల బోనస్ ఒట్టావాయే కట్టాల్సి వచ్చింది. సెప్టెంబరు 12న శాన్ హోసేకు పంపి చీచూ, మిహాలెక్, ఒక రెండో రౌండ్ అవకాశం తీసుకుని సరిపెట్టుకున్నారు. ఇందులో ఆటగాడి బాధ్యత ఎక్కువని మా అభిప్రాయం. వద్దనే హక్కు అతనికుంది, ఎవరూ కాదనరు. కానీ తనే అడిగినప్పుడు, ఏ జట్లు ఇష్టమో మొదటిరోజే చెప్పాలి. బేరం కుదిరాక తల అడ్డంగా ఊపడం మర్యాద కాదు. షరతు రాసిచ్చిన మేనేజర్‌కూ ఇందులో వాటా ఉంది. ఏడాదికి పది లక్షలు జీతం తగ్గించుకోవడానికి ఉదారంగా నో మూవ్ ఇచ్చేసి, మూడేళ్లకు చేతులు కట్టేసుకుని కూర్చున్న మేనేజర్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: అంత మంచి ఆటగాణ్ణి ఇచ్చి, ఊరూపేరూ లేనివాళ్లను తెచ్చుకుంటారెందుకు? మేనేజర్లకు బేరం చేతకాదా?
– ఒక మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: మీకు ఇది మాకన్నా బాగా అర్థమవుతుంది. సరుకు ఇవాళే అమ్ముకోవాల్సిన రైతు యార్డుకు వచ్చాడని తెలిస్తే కొనేవాళ్లు ధర ఎక్కడ ఆపుతారు? అదే రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రెండు నెలలు ఆగగలిగితే ధర వేరు. ట్రేడ్‌లో ఆ కోల్డ్ స్టోరేజీ పేరే కాంట్రాక్టులో మిగిలిన సంవత్సరాలు.

ఆగగలిగిన మేనేజర్‌కు ఉదాహరణ స్టీవ్ ఐజర్‌మన్. టాంపా బేకు మేనేజర్‌గా ఉన్నప్పుడు, 2013 డ్రాఫ్టులో మూడో స్థానంలో తీసుకున్న జొనాథన్ డ్రువాన్ తనకు అవకాశాలు రావడం లేదని ట్రేడ్ అడిగాడు. 2016 జనవరిలో ఏజెంటు ఆ సంగతి బయటపెట్టాడు. కింది లీగ్‌లో సిరక్యూస్ జట్టుకు ఆడమంటే డ్రువాన్ ఒక మ్యాచ్‌కు రాలేదు. జనవరి 20న జీతం లేకుండా సస్పెండ్ చేశారు. చవకగా కొట్టేద్దామని జట్లన్నీ చుట్టూ చేరాయి. ఐజర్‌మన్ కదల్లేదు. వసంతంలో డ్రువాన్ తిరిగొచ్చాడు, ప్లేఆఫ్స్‌లో 17 మ్యాచ్‌ల్లో 14 పాయింట్లు చేశాడు. ఆ తర్వాత 2017 జూన్‌లో మాంట్రియల్‌కు పంపి మిహాయిల్ సెర్గచోవ్‌ను తీసుకున్నారు. టాంపా 2020, 2021ల్లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు డిఫెన్స్‌లో సెర్గచోవ్ ఉన్నాడు. తొందరపడి 2016 జనవరిలోనే అమ్మేసి ఉంటే ఇది జరిగేది కాదు.

ధర పడగొట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. ఆటగాణ్ణి పదే పదే పక్కన కూర్చోబెడితే అతని పాయింట్లు తగ్గుతాయి, చూసేవాళ్లకు అనుమానం పెరుగుతుంది. కోచ్ విలేకరుల ముందు అతని గుణగణాలు ఏకరువు పెడితే ధర ఇంకా పడుతుంది, తన సరుకును తానే తక్కువ చేసుకున్నట్టు. ఏజెంటు పత్రికలకు లీక్ చేయడం కూడా అంతే. ఒత్తిడి మేనేజర్ మీద పడుతుందనుకుంటాడు గానీ, కొనే జట్లు చేసే లెక్క ఒకటే: “పాపం, వీళ్లు ఉంచుకోలేరు.” జీతమూ అడ్డమే. 85 లక్షల ఆటగాడికి పంపే జట్టు సగం, అంటే 42 లక్షల 50 వేలు, తన పద్దులో ఉంచుకుంటే మంచి డ్రాఫ్ట్ అవకాశం అడగొచ్చు. ఏమీ ఉంచుకోనంటే అడిగేది సగమవుతుంది. ఊరూపేరూ లేనివాళ్లు వచ్చారని మీకు కనిపించేది చాలాసార్లు ఈ లెక్క వల్లే.

దీనికి పూర్తి భిన్నంగా జరిగిన ఉదంతం 2022 జులైలో కాల్గరీది. జానీ గాడ్రో గడువు తీరి ఏమీ రాకుండా వెళ్లిపోయిన కొన్ని రోజులకే, తాను దీర్ఘకాలం ఉండనని మాథ్యూ కచక్ యాజమాన్యానికి స్పష్టంగా చెప్పాడు. ఇంకా హక్కు జట్టు చేతిలోనే ఉంది కనుక జులై 22న ఫ్లోరిడాకు పంపి జొనాథన్ హూబర్డో, మెకెంజీ వీగర్, మరో కుర్రాడు, ఒక మొదటి రౌండ్ అవకాశం రాబట్టుకున్నారు. ఫ్లోరిడా 2024, 2025ల్లో కప్పులు గెలిచింది, అది వేరే సంగతి. ఆ రోజుకు కాల్గరీకి దక్కింది తక్కువేమీ కాదు. కచక్ ముందుగా, నేరుగా చెప్పడం వల్లే అది సాధ్యమైంది. వెళ్లదలచుకున్నవాడు చేయాల్సిన పని అదే.

ప్రశ్న: ఫిజియోథెరపీ చదువుతున్నాను. జాక్ ఐకెల్ మెడ ఆపరేషన్ గొడవ గురించి చదివాను. ఏ ఆపరేషన్ చేయించుకోవాలో జట్టు నిర్ణయిస్తుందా?
– ఒక విద్యార్థిని, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య అప్పటి ఉమ్మడి ఒప్పందం ప్రకారం తుది మాట జట్టు వైద్యుడిదే. ఆటగాడు బయట రెండో అభిప్రాయం తీసుకోవచ్చు గానీ, జట్టు ఒప్పుకోని ఆపరేషన్ చేయించుకుంటే కాంట్రాక్టుకే ముప్పు.

2021 మార్చిలో బఫలో కెప్టెన్ ఐకెల్‌కు మెడలో డిస్క్ పక్కకు జరిగింది. జట్టు వైద్యులు మెడ ఎముకలను కలిపేసే ఫ్యూజన్ చేద్దామన్నారు. ఐకెల్ కృత్రిమ డిస్క్ పెట్టించుకుంటానన్నాడు. ఫ్యూజన్ చేస్తే ఆ చోట కదలిక పోయి, పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం పెరుగుతుందని, మున్ముందు మళ్లీ ఆపరేషన్లు తప్పకపోవచ్చని అతని వాదన. అప్పటివరకు ఏ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడికీ కృత్రిమ డిస్క్ పెట్టలేదన్నది జట్టు భయం. ఎనిమిదేళ్లకు 8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఎదురుగా కనిపిస్తోంది మరి. నెలలు గడిచాయి. సెప్టెంబరులో కెప్టెన్సీ తీసేశారు. నవంబరు 4న వెగాస్‌కు ట్రేడ్. అక్కడ ఒప్పుకున్నారు, అదే నెలలో ఆపరేషన్ అయింది, 2022 ఫిబ్రవరిలో మళ్లీ మంచు మీద దిగాడు. 2023లో వెగాస్ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 26 పాయింట్లు చేసింది ఐకెలే.

ఇక్కడ ఆటగాణ్ణి వేలెత్తి చూపడానికి మాకు మనసొప్పదు. మెడ అతనిది, ఆట మానేశాక యాభై ఏళ్లు దానితోనే బతకాలి. తప్పు మొదట ఆ నిబంధనది. దాన్ని అడ్డం పెట్టుకుని ఎనిమిది నెలలు నాన్చిన యాజమాన్యానిది తర్వాత. వైద్యులు నిజాయితీగానే విభేదించి ఉండొచ్చు. కానీ ఏకాభిప్రాయం రాదని తేలిన నెలలోనే పంపేసి ఉంటే అందరికీ మేలు జరిగేది.

ప్రశ్న: ఒక్క మ్యాచ్‌తో తెగిపోయిన బంధాలూ ఉన్నాయా?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: పాట్రిక్ రువా. మాంట్రియల్‌కు 1986, 1993ల్లో కప్పులు తెచ్చిన గోలీ. 1995 డిసెంబరు 2న సొంత మైదానంలో డెట్రాయిట్ చేతిలో 11-1తో ఓడారు. 26 షాట్లలో తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ మారియో ట్రెంబ్లే అతణ్ణి లోపలే ఉంచాడు. మామూలుగా నాలుగో, ఐదో గోల్‌కే గోలీని మార్చి పరువు కాపాడతారు. బయటికి వచ్చిన రువా కోచ్‌ను దాటుకుంటూ వెళ్లి, వెనక కూర్చున్న అధ్యక్షుడు రొనాల్డ్ కోరీతో మాంట్రియల్‌కు ఇదే నా ఆఖరి మ్యాచ్ అని చెప్పేశాడు. టీవీలో ఊరంతా చూసింది. నాలుగు రోజుల్లో, డిసెంబరు 6న, కెప్టెన్ మైక్ కీన్‌తో కలిపి కొలరాడోకు పంపారు. వచ్చింది తిబో, రుచిన్‌స్కీ, కొవాలెంకో. ఆరు నెలలకు కొలరాడో కప్ గెలిచింది. మాంట్రియల్ 1993 తర్వాత ఇంతవరకు గెలవలేదు.

ఆ రాత్రి తప్పు కోచ్‌ది. కానీ ఆ కోచ్‌నూ, మేనేజర్ రెజాన్ హూల్‌నూ ఆ పదవుల అనుభవం ఏమీ లేకుండానే అక్టోబరులో తెచ్చి కూర్చోబెట్టింది కోరీ. తెగేదాకా లాగగల ఇద్దరు మొండివాళ్లను ఒక గదిలో పెట్టి, మధ్యలో సర్దిచెప్పగల పెద్దమనిషిని పెట్టలేదు. రువా కూడా ఆ మాట కెమెరాల ముందు కాకుండా మర్నాడు గదిలో అని ఉండాల్సింది. అలా చేస్తే మాంట్రియల్‌కు బేరమాడే సమయమైనా దక్కేది.

ప్రశ్న: ఇద్దరు ఆటగాళ్లకు పడకపోతే? కోచ్‌తో గొడవ లేదు, జీతం గొడవ లేదు, అయినా ట్రేడ్ చేస్తారా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: చేస్తారు. వాంకూవర్‌లో జె.టి. మిల్లర్, ఎలియాస్ పెటర్సన్ మధ్య పొసగలేదన్నది 2024-25లో రచ్చకెక్కింది. సరిదిద్దే దారి కనబడటం లేదని జట్టు అధ్యక్షుడు జిమ్ రదర్‌ఫర్డే 2025 జనవరిలో పత్రికతో అన్నాడు. మిల్లర్‌కు నో మూవ్ షరతు ఉంది, అయినా తనే దాన్ని వదులుకుని జనవరి 31న న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లాడు. ఇద్దరు మేటి సెంటర్లూ ఎడమొహం పెడమొహంగా ఉంటే కోచ్ పవర్ ప్లే కూడా సవ్యంగా నడపలేడు, డ్రెసింగ్ రూమ్ రెండుగా చీలిపోతుంది. ఇలాంటప్పుడు ఒకర్ని పంపడం తప్ప గత్యంతరం లేకపోవచ్చు. పంపకముందే బయటికి చెప్పుకోవడం మాత్రం యాజమాన్యం చేసిన పొరపాటు. గుట్టు రట్టయ్యాక బేరంలో పట్టు ఉండదు.

ప్రశ్న: ట్రేడ్ పుకార్లలో ఏది నమ్మాలి? ఏ వేళకు చూస్తే తెలుస్తుంది?
– ఒక గృహిణి, బెంజి సర్కిల్, విజయవాడ

జవాబు: గాయం లేని ఆటగాణ్ణి మ్యాచ్ నుంచి తప్పించి, కారణం అడిగితే జట్టు “యాజమాన్య నిర్ణయం” అని మాత్రమే అంటే, దెబ్బ తగలకుండా కాపాడుకుంటున్నారని, బేరం దగ్గరపడిందని అనుకోవచ్చు. ఏజెంటు పేరు పెట్టి మాట్లాడితే నమ్మండి. “సన్నిహిత వర్గాల సమాచారం” అని మాత్రమే ఉంటే రెండు రోజులు ఆగండి. డిసెంబరు 19 అర్ధరాత్రి నుంచి 27 దాకా పండగ విరామం, ట్రేడ్లు ఉండవు. ఆ రోజుల్లో వచ్చే “రేపే ట్రేడ్” వార్తలు పట్టించుకోనక్కర్లేదు. సీజన్‌లో ట్రేడ్లకు చివరి గడువు మార్చి మొదట్లో. 2025లో అది మార్చి 7, అక్కడి మధ్యాహ్నం మూడింటికి, అంటే మనకు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర. మీవాళ్లు తూర్పు తీరంలో ఉంటే, చలికాలంలో వాళ్ల రాత్రి ఏడింటి మ్యాచ్ మనకు తెల్లవారుజామున ఐదున్నరకు మొదలవుతుంది.

ప్రశ్న: మన హాకీలో, అంటే గడ్డి మీద కాకపోయినా టర్ఫ్ మీద ఆడే హాకీలో, ఇలా జట్టు మార్చమని అడగొచ్చా?
– ఒక విద్యార్థి, నాగార్జున విశ్వవిద్యాలయం

జవాబు: పరిస్థితి వేరు. హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆటగాళ్లను ఆ అక్టోబరులో ఢిల్లీలో వేలంలో కొన్నారు. హర్మన్‌ప్రీత్ సింగ్‌కు సూర్మా జట్టు 78 లక్షలు పెట్టింది. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ జట్టు చేతిలో 4-3తో ఓడింది. ఈ లీగ్ కొన్ని వారాల్లో ముగుస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టుకు ఎనభైకి పైగా మ్యాచ్‌లు, ఏళ్ల తరబడి కాంట్రాక్టులు. నెల రోజుల లీగ్‌లో అలక ముదిరే లోపే సీజన్ అయిపోతుంది. మన ఆటగాడికి నిజమైన యజమాని రైల్వేయో, పెట్రోలియం సంస్థో, పోలీసు శాఖో. జీతం అక్కడి నుంచి వస్తుంది. కాబట్టి మన దగ్గర అసంతృప్తి ట్రేడ్ రూపంలో కనిపించదు, జాతీయ శిబిరానికి పిలుపు వచ్చిందా లేదా అన్న రూపంలో కనిపిస్తుంది. మీరు రేపు ఏదైనా లీగ్‌లో సంతకం పెట్టే స్థాయికి వస్తే, డబ్బు కన్నా ముందు మూడు వాక్యాలు చదవండి: కాంట్రాక్టు ఎన్నాళ్లు, మధ్యలో వేరే జట్టుకు ఇచ్చే హక్కు ఎవరిది, దెబ్బ తగిలితే వైద్యుణ్ణి ఎవరు ఎంచుకుంటారు. ఈ మూడింట్లో ఏది కాగితం మీద లేకపోయినా రాయించుకున్నాకే సంతకం చేయండి.